నేల విడువని సాము
(ఇంటి విమాన సిమ్యులేటరు, అనుమతి పొందిన శిక్షణ యంత్రము: గుణదోష విచారణ)

నేల విడిచి సాము చేయరాదని పెద్దలందురు. విమానము నడపువాని వృత్తియే నేల విడిచిన సాము. అట్టి సామును నేల విడువకుండ నేర్పవలెనను ప్రయత్నము ఇంచుమించు విమానమంత పాతది. నేలపై నిలిచియుండి విమానపు నడతను అనుకరించి చూపు యంత్రమునకు సిమ్యులేటరు అని పేరు. నేడది ముఖ్యముగా రెండు రూపములలో కనిపించుచున్నది. ఒకటి, ఇంటి బల్లపై కంప్యూటరులో నడచునది. రెండవది, పైలట్ల శిక్షణాలయములో నుండి, ప్రభుత్వ విమానయాన శాఖవారి అనుమతి పొందినది.

వీనిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారికి ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. ఇంటి యంత్రపు తెరమీద కొండలు, నదులు, వీధులు ఉపగ్రహ చిత్రములనుండి తీర్చబడి కన్నులపండువుగా నుండును. శిక్షణాలయములోని యంత్రపు తెర ఒక్కొక్కచో ఇంతకంటె పేలవముగా నుండును. ఐనను ఇంటి యంత్రముపై వేయి గంటలు గడపినను ఒక్క గంటయైనను లైసెన్సు లెక్కలోనికి రాదు. ఆ పేలవమైన తెర ముందు గడపిన గంటలు మాత్రము చెల్లుబడి అగును. ఇది అధికారుల మూర్ఖపు పట్టుదలయా, లేక దీని వెనుక శాస్త్రబద్ధమైన కారణము కలదా? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము అమెరికా అనుభవములో దొరకును. ఇంటి సిమ్యులేటరు అచటనే పుట్టినది. శిక్షణ యంత్రములను గూర్చిన నిబంధనలును, ముఖ్యమైన పరిశోధనలును అచట విరివిగా వెలువడినవి.

ఒకే కడుపున పుట్టిన కవలలు

1910 ప్రాంతమున ఫ్రాన్సులో ఆంత్వానెత్ విమానముల శిక్షణకై ఒక వింత సాధనము వాడిరి. అడ్డముగా కోసిన పీపా ముక్కలను ఒకదానిపై నొకటి ఊగునట్లు అమర్చి, పై ముక్కలో విద్యార్థిని కూర్చుండబెట్టెడివారు. సహాయకులు దానిని అటునిటు త్రోయుచుండగా, విద్యార్థి చక్రములను త్రిప్పి దానిని సమముగా నిలుపవలెను. అందులో గాలియు లేదు, వేగమును లేదు. ఐనను, ఒరగుటను గుర్తించి వెంటనే సరిచేయు అలవాటును నేలపైననే కలిగింపవచ్చునను భావము అందు స్పష్టముగా కలదు.

ఈ భావమును పనికివచ్చు యంత్రముగా మలచినవాడు ఎడ్విన్ లింకు. న్యూయార్కు రాష్ట్రమున బింగ్‌హాంటను పట్టణములో అతని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారముండెను. వాద్యములలో గాలి నింపి వదలు తోలుతిత్తుల పనితనము లింకునకు బాగుగా తెలియును. ఆ తిత్తులపైననే చిన్న విమానపు పెట్టెను నిలిపి, చోదక దండమును కదల్చినప్పుడు పెట్టె తదనుగుణముగా ఒరగునట్లు 1929 నాటికి రూపొందించెను. 1931లో లభించిన పేటెంటులో దాని పేరు గమనింపదగినది: విద్యార్థి వైమానికుల శిక్షణకును వినోదమునకును పనికివచ్చు ఉమ్మడి యంత్రమని అందు వ్రాయబడినది. శిక్షణ, వినోదము అను రెండును పుట్టుకతోనే ఒకే పెట్టెలో ఉండినవి. తొలినాళ్ళలో దానిని ఆదరించినది కూడ వినోదశాలలవారే.

1934 ఫిబ్రవరిలో అమెరికా సైనిక వైమానికులకు తపాలా మోయు పని అప్పగింపబడినది. మంచులో, మబ్బులో, రాత్రులలో పరికరములను మాత్రమే నమ్మి నడపు అభ్యాసము చాలని కారణమున కొద్ది వారములలోనే పలువురు మరణించిరి. ఆ దెబ్బతో కన్ను తెరచిన సైన్యము ఆ యేడు జూనులో ఆరు లింకు యంత్రములను కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునాటికి పదివేలకు పైగా యంత్రములు తయారైనవి. వినోదశాలలోని బొమ్మ ఇట్లు ప్రాణరక్షణ సాధనమైనది.

ఇంటి సిమ్యులేటరు కథ ఇందుకు తలక్రిందులు. ఇలినాయి విశ్వవిద్యాలయ విద్యార్థియైన బ్రూస్ ఆర్ట్విక్ 1975లో విమాన గమనమును కంప్యూటరు తెరపై చూపు విధానమునుగూర్చి పరిశోధన వ్యాసము వ్రాసెను. కొద్దికాలమునకే అది ఆపిల్-2 అను చిన్న కంప్యూటరుపై నడచు ఆటగా మారినది. 1982లో మైక్రోసాఫ్టువారి ఫ్లైట్ సిమ్యులేటరుగా వెలువడినది. చదువునకు సంబంధించిన పరిశోధన ఇట్లు ఇంటి వినోదమైనది. కావున ఇంటి యంత్రము కేవలము ఆట, శిక్షణ యంత్రము కేవలము విద్య అని గీత గీయుట చరిత్రకు సరిపడదు. వీని మధ్య భేదమును మరియొకచోట వెదకవలెను.

నిబంధనలు చెప్పునదేమి?

అమెరికాలో ఈ యంత్రముల విషయము చూచునది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, క్లుప్తముగా ఎఫ్.ఏ.ఏ. వారి మెట్లలో అన్నిటికంటె పైది పూర్తి సిమ్యులేటరు. ఇది ఒక నిర్దిష్టమైన విమానపు ముందుగదికి అచ్చమైన ప్రతి. పై శ్రేణులలోని యంత్రములు ఆరు కాళ్ళపై నిలిచి ఆరు విధముల కదలును. 1980నుండి వచ్చిన నిబంధనల ఫలితముగా, అనుభవము గల విమాన సంస్థల పైలటు క్రొత్త రకపు విమానమును పూర్తిగా ఇట్టి యంత్రముపైననే నేర్చి, ప్రయాణికులతోనే తొలిసారి దానిని గాలిలో నడపవచ్చును. దీనికి దిగువ మెట్టున స్థిరమైన శిక్షణ పరికరములు, ఇంకను దిగువన చిన్న విమానముల విద్యార్థులకై విమానయాన శిక్షణ సాధనములు గలవు. ఈ చివరివానిలో ప్రాథమిక తరగతి, ఉన్నత తరగతి అని రెండు రకములు. ఇంటి యంత్రముతో పోల్చదగినవి ఇవియే.

బయటి దృశ్యము కానరాని వేళ పరికరముల ఆధారముతో విమానము నడపుటకు ప్రత్యేక అర్హత కావలెను. దానికై సామాన్య మార్గమున 40 గంటల పరికరాభ్యాసము అవసరము. 2016లో స్థిరపరచబడిన నిబంధన ప్రకారము అందులో 10 గంటలవరకు ప్రాథమిక తరగతి సాధనముపై, లేదా 20 గంటలవరకు ఉన్నత తరగతి సాధనముపై గడపవచ్చును. మొదటి మెట్టు ప్రైవేటు లైసెన్సునకు మాత్రము రెండున్నర గంటలే చెల్లును. తక్కినది గాలిలోనే గడపవలెను.

అనుమతి పొందుటకు షరతులు చూడుడు. విమానపు రెక్కల మడతలు, ఇంధన మిశ్రమము, ట్రిమ్ము మొదలగువానికి చేతితో పట్టుకొని కదల్పదగిన నిజమైన మీటలు ఉండవలెను. మొదట యంత్రమును సిద్ధపరచుటకు తప్ప కీబోర్డును గాని మౌసును గాని వాడరాదు. మీట కదలికకును పరికరపు స్పందనకును మధ్య జాగు కనిపించరాదు. ఉన్నత తరగతి సాధనమునకు బోధకుడు కూర్చుండి గమనించుటకు వేరుగా స్థానముండవలెను. అనుమతి పత్రము ఐదేండ్లకు ముగియును. పిమ్మట మరల పొందవలెను. ఈ షరతులలో దృశ్య సౌందర్యమునకు పెద్దపీట లేదని గమనింపవలెను. శాఖవారు ముఖ్యముగా చూచునది చేతికి అందు మీటలు, వాని స్పందన, బోధకుని పర్యవేక్షణ.

మరొక విశేషము కలదు. ఎక్స్-ప్లేన్ అను కంప్యూటరు కార్యక్రమము ఇండ్లలోను నడచును. అనుమతి పొందిన సాధనములలో అనేకము దానిపైననే ఆధారపడును. అనగా గణితము ఒకటే అయినను, చుట్టునున్న ఏర్పాటునుబట్టి ఒకచోట అది ఆట, ఒకచోట విద్య అగుచున్నది.

చేయి, కన్ను, చెవి

ఇంటి యంత్రము ఎక్కడ కొరతపడునో తెలియుటకు శరీరమును మూడుచోట్ల పరీక్షింపవచ్చును.

మొదటిది చేయి. చిన్న విమానములో చోదక దండమును వెనుకకు లాగినప్పుడు చేతికి తగులు బిగువు గాలినుండి వచ్చును. తోకపలక ఒకే కోణమున ఉండగా, ఆ బిగువు ఇంచుమించు వేగపు వర్గమునకు అనులోమముగా నుండును. వేగము 60 నాట్లనుండి 120 నాట్లకు రెట్టింపైనచో బిగువు నాలుగింతలగును. వేగము తగ్గి విమానము పడిపోవు స్థితికి చేరునప్పుడు దండము మెత్తబడి చేతికి హెచ్చరిక చేయును. ఇంటి యంత్రపు దండములో సాధారణముగా నుండునది స్ప్రింగు. స్ప్రింగునకు తెలిసినది హుక్ సూత్రమొక్కటే: ఎంత సాగదీసిన అంత బిగువు. వేగము సున్నయైనను, నూరైనను దానికి ఒకటే.

దీనివలన ట్రిమ్మును సరిచేయు అలవాటు చెడును. నిజమైన విమానములో పైలటు మొదట దండమును కావలసినచోట పట్టి నిలిపి, పిమ్మట చేతికి బిగువు పోవువరకు ట్రిమ్ము చక్రమును త్రిప్పును. స్ప్రింగు దండముపై ఈ పని సహజముగా జరుగదు. అభ్యాసి ట్రిమ్ము చక్రముతోనే విమానమును పైకి, క్రిందికి త్రిప్పుటకు అలవాటుపడును. అనుమతి పొందిన చిన్న సాధనములలోను స్ప్రింగులు గలవు. కావున ఈ లోపము ఇంటి యంత్రమున కొక్కదానికే చెందినదని అనుట న్యాయము కాదు. అయితే అచట ప్రక్కనున్న బోధకుడు చేతిని చూచి తప్పు దిద్దును.

రెండవది కన్ను. విమానము నేలను తాకుటకు కొద్ది అడుగుల ముందు దాని ముక్కును మెల్లగా ఎత్తవలెను. అప్పటి ఎత్తును పైలటు లెక్కించి తెలిసికొనడు. ఇరుప్రక్కల నేల పైకి లేచివచ్చుచున్నట్లు కనుకొనల చూపునకు తోచుటచే గ్రహించును. ఎదుటనున్న ఒక్క చదునైన తెర ఈ ప్రక్కచూపును ఈయజాలదు. అందువలన ఇంటి యంత్రముపై నేర్చినవాడు కిటికీ బయట చూడవలసినచోట పరికరములను చూచు అలవాటు చేసికొనును. స్పష్టమైన పగటివేళ పరికరములకే కన్నులు అతికించుకొనువాడు ఎదుట వచ్చు మరియొక విమానమును గమనింపడు. పరికరములను చదువుట గుణమే; కాని అది తొలి పాఠములలో దోషమగుచున్నది.

మూడవది చెవి, అనగా లోచెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళములు. తల తిరిగినప్పుడు నాళములలోని ద్రవము కొంచెము వెనుకబడుటచే తిరుగుడు తెలియును. ఒకే వేగముతో సుమారు ఇరువది సెకన్లు తిరిగినచో ద్రవము నాళముతో సమముగా సాగును. అంతట తిరుగుట ఆగినట్లు తోచును. నిజముగా ఆగినప్పుడు ఎదురుదిక్కునకు తిరుగుచున్నట్లు భ్రమ కలుగును. తరగతిలో తిరుగు కుర్చీపై విద్యార్థిని కూర్చుండబెట్టి, కన్నులకు గంత కట్టి, మెల్లగా సమవేగముతో త్రిప్పి దీనిని ఉపాధ్యాయులు చూపవచ్చును. పడకుండ ఇరుప్రక్కల ఇద్దరు నిలువవలెను.

మబ్బులో ఈ భ్రమ ప్రాణాంతకమగును. 1954లో ఇలినాయి విశ్వవిద్యాలయమువారు, పరికరముల ఆధారముతో నడపుట నేర్వని 20 మంది పైలట్లను నిజమైన విమానములో, బయటి దృశ్యము కానరాకుండ చేసి పరీక్షించిరి. ఇరువదిమందియు విమానముపై అదుపు కోల్పోయిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకన్లు. మూడు నిమిషములైనను కాలేదు. స్వల్పమైన శిక్షణ ఇచ్చిన పిమ్మట వారే అత్యధిక ప్రయత్నములలో విమానమును క్షేమముగా వెనుకకు త్రిప్పగలిగిరి. ఇందు రెండు పాఠములు గలవు: చెవిని కాక పరికరమును నమ్ముట నేర్పదగిన విద్య, ఆ విద్యకు అసలైన పరీక్ష చెవి మోసగించునప్పుడే.

ఇంటి కుర్చీలో చెవి మోసగింపదు. విమానము 60 అంశల కోణమున ఒరిగి ఎత్తు చెడకుండ తిరుగునప్పుడు దానిపై భారము 1/కొసైన్ 60, అనగా రెండింతలు. పడిపోవు వేగము రెండు యొక్క వర్గమూలమునుబట్టి 1.41 రెట్లగును. ఇంటి యంత్రము ఈ పెరుగుదలను అంకెలలో చక్కగా చూపును. కాని కూర్చున్నవాని తల, చేతులు రెండింతల బరువెక్కవు. అనుమతి పొందిన చిన్న సాధనములలో అనేకము కూడ కదలవు. వానిపై కూర్చున్నవాని చెవి కూడ ఇట్లే నిశ్చింతగా నుండును. 40 గంటలలో సగమునకు మించి అట్టి సాధనములకు ఈయకుండుట ఈ కారణమున సమంజసము.

మేలు ఎంత? కొలుచుట ఎట్లు?

లోపములు చెప్పి ఊరకుండిన విచారణ పూర్తి కాదు. మేలును గూడ కొలువవలెను. ఇలినాయిలో పనిచేసిన స్టాన్లీ రాస్కో 1971లో దీనికై ఒక చక్కని కొలమానమును వివరించెను. నేలపై యంత్రమున గడపిన గంటలవలన గాలిలో ఎన్ని గంటలు మిగిలినవో చూచి, మిగిలిన గంటలను యంత్రపు గంటలచే భాగింపవలెను.

ఉదాహరణకు, ఒక పని నేర్చుటకు విమానములో 10 గంటలు పట్టుననుకొందురు గాక. యంత్రముపై 5 గంటలు అభ్యసించినవానికి గాలిలో 7 గంటలే చాలినచో, మిగిలినవి 3. మూడును అయిదుచే భాగించగా 0.6. మరి 5 గంటలు యంత్రముపై గడపగా గాలిలో ఇంకొక గంట మాత్రమే మిగిలినచో, ఆ రెండవ అయిదింటి ఫలము 0.2 మాత్రమే. గంటలు పెరిగినకొలది ఫలము తగ్గును. యంత్రపు గంట ఖర్చు విమానపు గంట ఖర్చులో అయిదవ వంతుకంటె తక్కువైనచో ఇదియు లాభమే, లేనిచో నష్టము. ఎంత అభ్యాసము చాలునో ఇట్లు లెక్కకు వచ్చును. ఎక్కువ గంటలు కూర్చున్నవాడే ఎక్కువ నేర్చునను సామాన్యాభిప్రాయము ఈ లెక్క ముందు నిలువదు.

ఇంటి కంప్యూటరు తరహా యంత్రములకు శిక్షణలో తొలిసారి పరిమితమైన చోటు 1997లో లభించినది. ఆ దశాబ్దమున ఇలినాయిలో హెన్రీ టేలరు మొదలగువారు జరిపిన పరీక్షలలో, క్రొత్త పాఠమును మొదటిసారి పరిచయము చేయునప్పుడు ఈ యంత్రములవలన మేలు అధికమనియు, మున్ను నేర్చినదానిని మరల వల్లించునప్పుడు మేలు తక్కువయనియు తేలినది. రేడియో సంకేతమును పట్టి దారి తీయుట, మలుపుల వరుస, పరికరములపై చూపును క్రమముగా త్రిప్పుట, దిగుటకు ముందు చేయవలసిన పనుల పట్టిక ఇట్టి బుద్ధిప్రధానమైన విషయములు. ఇవి చేతి బిగువుపై గాని చెవిపై గాని అంతగా ఆధారపడవు. కావుననే వీనిలో సాధారణపు యంత్రము కూడ గట్టి గురువగును.

దీనిని ఇంటి యంత్రమునకు అన్వయింపవచ్చును. విమానములో గంటసేపు ఎగురుటకు పెద్ద మొత్తము చెల్లింపవలసిన విద్యార్థి, ఏ మీట ఎక్కడనున్నదో, ఏ పని తరువాత ఏ పనియో గాలిలోనే నేర్చుకొనుట డబ్బును గాలిలో కలుపుట. ఇంటివద్దనే ఆ వరుసను కంఠస్థము చేసికొనినచో గాలిలోని గంట గాలి పాఠమునకే మిగులును. లెక్కకు రానంతమాత్రమున అది పనికిరానిది కాదు.

తప్పు నేర్పు ప్రమాదము

రాస్కో కొలమానమున ఫలము సున్నకంటె తక్కువ కూడ కావచ్చును. అప్పుడు నేర్చినదానిని మరపించుటకే గాలిలో అదనపు గంటలు పట్టును. విమానవిద్యలో దీనికంటె భయంకరమైనది లేదు. ఏలన, కష్టకాలమున మనుష్యుడు చేయునది ఆలోచించి చేయునది కాదు; అలవాటైనది.

ఈ ప్రమాదము ఇంటి యంత్రములకే పరిమితమని తలచువారు 2001 నవంబరు 12న న్యూయార్కులో జరిగిన దుర్ఘటనను గుర్తుంచుకొనవలెను. అమెరికన్ ఎయిర్‌లైన్సువారి 587వ సర్వీసు విమానము, ముందు పోయిన పెద్ద విమానము వెనుక మిగిలిన గాలిసుడిలో చిక్కినది. సహపైలటు చుక్కాని పెడళ్ళను ఇటునటు బలముగా పలుమార్లు త్రొక్కెను. ఆ ఒత్తిడికి నిలువు తోక ఊడిపోయినది. నేలపై నున్నవారితో కలిపి 265 మంది మరణించిరి. దర్యాప్తు జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలి సహపైలటు చేష్టను ముఖ్య కారణముగా నిర్ణయించినది. ఆ విమానపు చుక్కాని ఏర్పాటును, సంస్థవారి శిక్షణలోని కొన్ని అంశములను తోడు కారణములుగా పేర్కొన్నది. ఆ శిక్షణలో ఒక సిమ్యులేటరు అభ్యాసముండెను. గాలిసుడిలో చిక్కినట్లు చూపునప్పుడు, పైలటు మీటలకు యంత్రము కొంతసేపు స్పందింపకుండ అమర్చి, విమానము విపరీతముగా ఒరుగునట్లు చేసెడివారు. గాలిసుడి నిజముగా ఉన్నదానికంటె ఘోరమైనదను భావన దీనివలన కలుగవచ్చునని మండలి అభిప్రాయపడినది. అది ఇంటి ఆట కాదు, శిక్షణ యంత్రమే. ఐనను తప్పు పాఠము చెప్పగలిగినది.

మరియొక ఉదాహరణము. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగర సమీపమున కోల్గన్ ఎయిర్ సంస్థ విమానము కూలి 50 మంది మరణించిరి. వేగము తగ్గి హెచ్చరిక రాగా, దండమును ముందుకు వదలవలసిన కెప్టెను వెనుకకు లాగెను. ఆ కాలమున విమాన సంస్థల శిక్షణలో పడిపోవు స్థితి సమీపించుటవరకే చూపెడివారు. పూర్తిగా పడిపోయిన విమానపు నడతను సరిగా చూపవలెనను నియమము సిమ్యులేటర్లకు లేదు. 2016లో సిమ్యులేటర్ల ప్రమాణములను సవరించిరి. 2019 మార్చినుండి పూర్తి పతనస్థితి శిక్షణ విధిగా చేయబడినది.

ఈ రెండు ఉదాహరణములవలన అనుమతి యనగా ఏమో తెలియుచున్నది. అనుమతి పొందిన యంత్రము తప్పు చేయదని కాదు అర్థము. తప్పు చేసినచో దానిని వెదకి పట్టుటకు అధికారము గలవారు ఉన్నారనియు, దిద్దుటకు మార్గము కలదనియు అర్థము. ఏ యంత్రముపై, ఏ పాఠము, ఎవరి ఎదుట, ఎన్ని గంటలు జరిగినదో అచట వ్రాతపూర్వకముగా నుండును. ఇంటి యంత్రములో లేనిది ఈ జవాబుదారీతనమే. అచట తప్పు అలవాటు ఎప్పుడు పుట్టినదో, ఎందుచేత ముదిరినదో చెప్పువారెవరును లేరు. విమానము కూలినను ఒక్క మీట నొక్కగా మరల రన్‌వేపై నిలుచును. తప్పునకు వెల లేకుండ పోవును.

ఇరువైపుల విమర్శ

ఈ దృష్టితో చూచినచో ఇరుపక్షములును కొంత విమర్శకు పాత్రములే.

ఇంటి యంత్రములను అమ్మువారు యథార్థము అను మాటను దృశ్యమునకు మాత్రమే వర్తింపజేయుచున్నారు. 2020లో వెలువడిన మైక్రోసాఫ్టు క్రొత్త సిమ్యులేటరు భూగోళమంతటిని, నాటి వాతావరణముతో సహా తెరపై చూపగలిగినది. భూగోళ పాఠమునకు అది అపురూపమైన కానుక. కాని మబ్బు ఎంత అందముగా నున్నను, ఆ మబ్బులో చెవి చేయు మోసమును అది చూపజాలదు. దృశ్యము నమ్మదగినకొలది నేర్చితినను నమ్మకము కూడ పెరుగును. అందమే ఇచట అపాయము.

అధికారుల లోపము వేరు. వారు నేర్పును కొలుచుటకు బదులు గంటలను కొలుచుచున్నారు. క్రొత్త పాఠమునకు గడపిన గంటకును, పాత పాఠమును వల్లించుటకు గడపిన గంటకును ఫలములో భేదమున్నట్లు పరిశోధన చెప్పుచుండగా, లెక్కలో రెండును ఒకటే గంటగా చెల్లుచున్నవి. మరియు, పరికరాభ్యాసము తుప్పు పట్టకుండుటకు పైలటు ఆరునెలలకొకమారు ఆరు అవతరణ విధానములు మొదలగువానిని చేసియుండవలెను. 2018 సవరణ ప్రకారము దీనిని అనుమతి పొందిన సాధనముపై, బోధకుడు లేకుండ, ఒంటరిగా పూర్తిచేసికొనవచ్చును. ఖర్చు తగ్గుటచే ఎక్కువమంది అభ్యసింతురన్నది దీని సమర్థన. అందు నిజము లేకపోలేదు. అయితే కదలని పెట్టెకు ఇంటి కుర్చీకంటె ఆధిక్యము తెచ్చినవానిలో మొదటిది బోధకుని కన్ను. ఆ కన్నును తొలగించిన పిమ్మట రెండింటి మధ్య మిగులునది నిజమైన మీటలు, అనుమతి పత్రము, వ్రాత లెక్క మాత్రమే. తప్పును చూచువాడు లేనిచోట వ్రాత లెక్క తప్పును దిద్దలేదు.

తేలిన తీర్పు

కావున తెరలోని బొమ్మను చూచి యంత్రమునకు విలువ కట్టరాదు. ఏ సిమ్యులేటరునకైనను మూడు ప్రశ్నలు వేయవలెను: ఇది శరీరములో దేనికి పాఠము చెప్పుచున్నది? దేనికి చెప్పలేకున్నది? చెప్పిన పాఠము తప్పైనచో పట్టుకొనువారెవరు? మొదటి ప్రశ్నకు ఇంటి యంత్రము గౌరవముగానే సమాధానమిచ్చును. రెండవదానికి ఇంటి యంత్రము, చిన్న శిక్షణ సాధనము ఇంచుమించు ఒకే సమాధానమిచ్చును. మూడవదానికి వచ్చునప్పటికి ఇంటి యంత్రము మౌనము వహించును. లైసెన్సు లెక్కలో దానికి చోటు లేకుండుటకు ఈ మౌనమే న్యాయమైన కారణము.

ఉన్నత పాఠశాలలో ఇంటి సిమ్యులేటరును నిరభ్యంతరముగా వాడవచ్చును. ఒరిగినకొలది పడిపోవు వేగము పెరుగుటను, ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగుటను, ఎదురుగాలిలో నేలపై వేగము తగ్గుటను విద్యార్థులు అంకెలలో చూచి, సూత్రములతో పోల్చుకొనవచ్చును. పైలటు కాగోరు విద్యార్థికిని అది మంచి తోడు. అయితే తొలి పాఠములు బోధకునివద్ద మొదలైన పిమ్మట, అతడు చెప్పిన వరుసనే ఇంట వల్లించుట మేలు. నేల విడువని సాము వ్యర్థము కాదు. నేలపై ఏది నేర్వవచ్చునో, ఏది గాలికే వదలవలెనో తెలిసినవాడు నేల విడిచిన దినమున తడబడడు.